చక్రాలు కూర్చున్న రోజు

పదో తరగతి పరీక్ష నేను ఎప్పుడో రాయవలసింది. రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, అప్పుడు నాకు అక్షరాలు రావు. మా అమ్మగారింట్ల బర్రెలుండె. బర్రెకు దసరా సెలవులు తెలియవు. పాలు పిండి, ఇండ్లకు పోసి వచ్చేసరికి బడిల సగం పూట అయిపోయేది. పెండ్లయినంక యాకుత్‌పురాకు వచ్చిన. ఇక్కడా డెయిరీయే. బర్రెలు మారినయి, అంతే.

మోకాళ్లు అరిగి పాలు పిండుడు తప్పినంక, మా గల్లీ కమ్యూనిటీ హాల్ల ఆడోళ్లకు చదువు చెబుతుంటే పోయి కుర్చీల కూర్చున్న. టీచరమ్మది కోస్తా వైపు. భర్త ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చింది. "మీరు రాయండి" అనేది నాతో. నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆమె. ఆ మర్యాదకే సగం అక్షరాలు వచ్చినయి. మిగతావి వచ్చేసరికి ఓపెన్ స్కూల్ పదో తరగతి దాకా పోయిన. పోయినసారి తెలుగు పరీక్ష రోజున మా బర్రె ఈనలేక తిప్పలు పడ్డది. నేను దాని పక్కన కూర్చున్న, పరీక్షకు కూర్చోలేదు. ఈసారి ఏ బర్రెనూ అడ్డం రానియ్యనని గట్టిగ అనుకున్న. కారు అడ్డమొస్తదని తట్టలేదు.

మా కొట్టంల ఒక స్పోర్ట్స్ కారు ఉంది. ఎప్పటిదో, ఇంగ్లండుది. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. మేం పాలు పోసే ఒక బంగళావాళ్లు ఊరు విడిచిపోతూ షెడ్డు ఖాళీ చేస్తుంటే మా ఆయన తాడు కట్టి లాక్కొచ్చిండు. బర్రెలు దానికి వీపు గోక్కుంటయి. పండుగకో పబ్బానికో నడుస్తది. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. రెండో సీటు దాణా బస్తాది.

హాల్ టికెట్ వచ్చిన రోజు మా ఆయన అన్నడు: "పదో తరగతి పరీక్షకు రైల్ల పోతవా? నలుగురు ఏమంటరు? కార్ల తీస్కపోత. కొత్త అల్లాయ్ చక్రాలు ఏయించి మరీ తీస్కపోత."

నలుగురు చూసేది నన్నా, కారునా అని నేను అడగలేదు. నాకూ ఆ రెండో సీటు మీద ఆశ ఉండె.

ముందు దబీర్‌పురాల ఉన్న మెకానిక్ ఉస్తాద్ షెడ్డుకు కారు తోలిచ్చినం. ఆయన తుప్పు పట్టిన పాత చక్రం విప్పి చూపించిండు. "సునో భాయ్. బోల్టులు ఎన్ని అని లెక్కపెడితే సరిపోదు. ఎదురెదురు బోల్టుల నడుమ ఎంత ఎడముందో చూడాలె. దీనికి నాలుగించులు. నడిమి రంధ్రం చూడాలె. చక్రం బయటికి ఎంత పొడుచుకొస్తదో చూడాలె. యాద్ రఖో."

మా ఆయన 'నాలుగు' ఒక్కటి యాద్ పెట్టుకున్నడు.

చక్రాల దుకాణంల గోడ నిండ చక్రాలే. ఒకటి మురుకుల బిళ్ల లాగ, ఒకటి చుక్కల ముగ్గు లాగ. దుకాణదారు "కౌన్‌సీ గాడీ?" అన్నడు.

"స్పోర్ట్స్ కారు."

"మోడల్?"

"పసుపుపచ్చది."

దుకాణదారు మోడల్ సంగతి విడిచిపెట్టి, "బోల్టులు?" అన్నడు.

"నాలుగు!" ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టు చెప్పిండు మా ఆయన.

ముగ్గు లాంటి చక్రం దించిండ్రు. నేను ఊరుకోకుండ దాన్ని తిప్పి వెనుక ఏం రాసుందో చదివిన. కొత్తగా చదువు వచ్చినోళ్లకు అదొక రోగం, మందు సీసాలు, బస్సు వెనుక రాతలు, ఏదీ విడవం. బోల్టుల ఎడం వంద మిల్లీమీటర్లని ఉంది.

"ఉస్తాద్ నాలుగించులన్నడు గద," అన్న.

"నాలుగించులంటే వందే అమ్మా," అన్నడు దుకాణదారు.

ఇంచుకు సుమారు ఇరవై అయిదు మిల్లీమీటర్లని టీచరమ్మ చెప్పింది. ఆ 'సుమారు' అనే మాట నాకు అప్పుడు దండుగ అనిపించింది. నాలుగు ఇరవై అయిదులు వంద. మనసుల లెక్క కట్టి, పైకి గట్టిగ చెప్పిన.

"భాభీ పఢీ లిఖీ హై భాయ్!" అన్నడు దుకాణదారు. చదువుకున్న మనిషి అని నన్ను ఎవరన్నా అనుడు అదే మొదలు. ఇంక నడిమి రంధ్రం సంగతి, బయటికి పొడుచుకొచ్చే సంగతి ఎవరు అడుగుతరు? చక్రాలు నేరుగా ఉస్తాద్ దగ్గరికి పోయినయి.

పరీక్షకు ముందురోజు పొద్దున ఉస్తాద్ ఫోన్ చేసి ఏదో నసిగిండు. మా ఆయన బర్రెలకు నీళ్లు పెడుతూ "జర జోర్ లగావ్ ఉస్తాద్, గట్టిగ బిగించు" అని పెట్టేసిండు. మధ్యాహ్నం మళ్లీ ఫోన్.

"భాయ్, బైఠ్ గయా."

"ముబారక్!" అని అరిచి మా ఆయన ఫోన్ కట్ చేసిండు. చక్రాలు కూర్చున్నయని గల్లీ మొత్తం చెప్పిండు. మిఠాయి పంచిండు. నేను కూడా ఒకటి తిన్న.

పాతబస్తీల ఆ మాటతోని జాగ్రత్తగ ఉండాలె. సామాను తన జాగాల సరిగ్గ ఇమిడినా బైఠ్ గయా. దుకాణం దివాళా తీసినా బైఠ్ గయా. ఏదన్నది చెప్పేటోని మొఖం చూసి తెలుసుకోవాలె. ఫోన్ల మొఖం కనపడదు.

సాయంత్రం మేమిద్దరం మిఠాయి డబ్బా పట్టుకొని పోయేసరికి, ఉస్తాద్ షెడ్డు ముందు మలుపుల కారు ఒక మూల నేలకు ఆనించి కూర్చున్నది. బర్రె కూడా అట్లనే ముందు కాలు మడుస్తది. ముగ్గు చక్రం పక్కన మురుగునీళ్లు పారే మోరీ దగ్గర పడి ఉంది.

"ఏంది ఉస్తాద్ ఇది?"

"పొద్దున్నే చెప్పిన, బోల్టులు సీదా పోతలేవని. జోర్ లగావ్ అన్నవ్. లగాయించిన. నడిపి చూద్దామని మలుపు తిప్పిన, రెండు బోల్టులు తెగినయి. బైఠ్ గయా అని ఫోన్ చేస్తే ముబారక్ అంటివి. ఇన్నేండ్ల ధందాల నాకు దీనికి ముబారక్ ఎవరూ చెప్పలేదు భాయ్."

"నాలుగించులే గద! వందే గద!"

"వంద మీద ఇంకో మిల్లీమీటరున్నర. బొట్టుబిళ్ల మందం." ఉస్తాద్ మిఠాయి డబ్బా తెరిచి ఒకటి నోట్ల వేసుకున్నడు.

మా ఆయన నా దిక్కు తిరిగిండు. "లెక్క చెప్పింది నువ్వే!"

"రేపు నాది తెలుగు పరీక్ష," అన్న. "లెక్కలది ఇంకా ఉంది."

ఆయన మోరీ దగ్గరి చక్రాన్ని తువ్వాలతోని తుడిచిండు. "లుక్కు మాత్రం మస్తుంది," అన్నడు. తర్వాత ధైర్యం తెచ్చుకొని, "పొద్దుగాల కొత్త బోల్టులు తెచ్చి పాత చక్రాలే ఎక్కిద్దాం. ఫికర్ చెయ్యకు. నువ్వు జర ఆగు," అన్నడు.

"బోల్టుల దుకాణం పదకొండుకు ముందు తెరవదు భాయ్," అన్నడు ఉస్తాద్.

"పరీక్షోళ్లు ఒక్క గంట ఆగరా?"

ఉస్తాద్ నవ్విండు. నేను నవ్వలేదు. జర ఆగు అనే మాట మీదనే నా చదువు ఇన్నేండ్లు బైఠాయించింది. బర్రెలు చెప్పినయి, అత్తగారు చెప్పింది. ఇప్పుడు చక్రాలు చెబుతున్నయి, అల్లాయ్‌వి.

తెల్లారి మా ఆయన బోల్టుల దుకాణమోడిని నిద్ర లేపుతనని పోయిండు. నేను బర్రెలకు గడ్డి వేసి, హాల్ టికెట్, రెండు పెన్నులు సంచిల పెట్టుకొని యాకుత్‌పురా స్టేషన్‌కు నడిచిన. రైల్ల సీటు దొరకలేదు. దిగేదాక నిలబడే పోయిన.

పరీక్ష బడి గేటు దగ్గర ఫోన్లు వేసేందుకు ఒక బుట్ట పెట్టిండ్రు. నా ఫోన్ వేయబోతుంటే మోగింది.

"ఏడున్నవ్?" అన్నడు మా ఆయన. వెనుక ఉస్తాద్ సుత్తె దెబ్బలు వినపడుతున్నయి.

నేను ఇంకా గేటు కూడా దాటలేదు. అయినా, "బైఠ్ గయీ," అన్న.

ఆయన సుత్తె ఆపమని ఉస్తాద్‌ను కసిరిండు. "ఏ బైఠ్ గయీ? మంచిదా, చెడ్డదా?" అన్నడు.

ఆయనకు నా మొఖం కనపడదు గద. ఫోన్ బందు చేసి బుట్టల వేసి, లోపలికి పోయి నా నంబరున్న బల్ల వెతుక్కున్న.