బంపరు కింద వజ్రం

మా ఆయన రైల్వే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గుంతకల్లు క్వార్టర్ ఖాళీ చేసి, వజ్రకరూరులో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశాం. సామాన్లు సర్దుకున్నాక కారు ఇన్సూరెన్సు గుర్తొచ్చింది. అందులో ఇంకా క్వార్టర్ అడ్రసే ఉంది. ఏజెంటుకు ఫోన్ చేశాను.

"రెన్యూవల్ కూడా దగ్గర పడింది కదక్కా. నేనే వచ్చి కారు ఫోటోలు తీసుకుంటా. రెండూ ఒకేసారి చేసేద్దాం" అన్నాడు.

అతను వచ్చేనాటికి మంచి వాన పడి వెలిసింది. మా దగ్గర వాన పడితే చాలు, వజ్రం దొరుకుతుందేమోనని జనం తలలు వంచుకుని చేలల్లో తిరుగుతారు. ఆ వేట మా గుమ్మం దాకా వస్తుందని మాత్రం నేననుకోలేదు.

కారు ముందు బంపరు కింద పాత గీత ఒకటుంది. దాన్ని ఫోటో తీయడానికి ఏజెంటు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి, చెంప నేలకు ఆనించాడు. ఇంటి ముందు గుంతలు పూడ్చడానికి మేం ట్రాక్టరుతో తోలించిన మట్టి అది. దారిన గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన టక్కున ఆగాడు.

"ఏమప్పా, ఏం ఎతుకుతాండావు?"

"ఏం లేదన్నా" అంటూ ఏజెంటు గబుక్కున లేచి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

దాంతో పెద్దాయన అనుమానం గట్టిపడింది. గొర్రెల్ని వదిలేసి లోపలికొచ్చాడు. "ఈ మన్ను యాడిదమ్మా?"

కారు గీతకు ఫోటో తీస్తున్నాడని నిజం చెప్పి ఊరుకోవచ్చు. కానీ మేం వచ్చినప్పటి నుంచి ఆ వీధిలో ఒక్కరూ నన్ను పలకరించలేదు. గొంతు తగ్గించి, "చేలో మన్నే. ఎవరికీ చెప్పొద్దు" అన్నాను.

కాసేపటికే వీధంతా మా ఇంటి ముందుంది. ఆడవాళ్లు కొంగులు దోపుకుని కూర్చుని మట్టి కెలకసాగారు.

"ఇన్సూరెన్సు ఫోటోలప్పా, ఇన్సూరెన్సు!" అని ఏజెంటు మొత్తుకున్నాడు.

"వజ్రానికి అప్పుడే ఇన్సూరెన్సు గూడా చేసినారంట!" అంది వెనక నుంచి ఒకామె.

చప్పుడుకు మా ఆయన బయటికొచ్చి బిత్తరపోయాడు. "ఏం చేసినావే?"

"టీ పెడతాండా. అందరికీ సరిపోయే పాలు తెప్పించు" అని లోపలికి పోయాను.

టీ ఇస్తూ అసలు సంగతి చెప్పాను. ముందు పక్కింటామె పగలబడి నవ్వింది. పెద్దాయన మాత్రం, "మంచిదానివే తల్లీ! నా గొర్రెలు యాడికి పోయినాయో ఏమో" అని తిట్టుకుంటూ, రెండో గ్లాసు కూడా తాగే వెళ్లాడు.

జనం పలచబడ్డాక ఏజెంటు మిగతా ఫోటోలు తీసుకున్నాడు. బండెక్కే ముందు వంగి, మెరుస్తున్న రాయొకటి తీసి జేబులో వేసుకోవడం నా కంటబడింది.

"అదేంది?" అన్నాను.

"ఊరికే అక్కా... ఇంట్లో చూపించేకి" అని సిగ్గుపడ్డాడు.

కొత్త అడ్రసుతో పాలసీ వచ్చేలోపే పక్కింటామె గిన్నెడు ఉగ్గాని తెచ్చింది. ఇద్దరం గడప మీద కూర్చుని సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం.