బయటికొచ్చిన పెంకు

ప్రయోగశాల బోర్డు మీద పరిశోధన చేసే ఒక అమ్మాయి యంత్రం కోసం తన వంతు రాసుకునేది. మర్నాడు వచ్చేసరికి ఆ గడిలో ఇంకొకరి పేరుండేది. మాత్ర ఒంట్లో ఎంతసేపటికి మందు వదులుతుందో చూసే యంత్రం ఆ ఫార్మసీ కాలేజీలో ఒక్కటే. గోరువెచ్చటి నీళ్లున్న గాజు జాడీలు, వాటిలో మెల్లగా తిరిగే తెడ్లు.

"మాది కంపెనీ ప్రాజెక్టు. నీకేం తొందర, నిదానంగా చేసుకో" అనేవారు సీనియర్లు.

"పోనీలే అన్నా" అనేది. వాళ్లు వాడి వదిలేసిన జాడీలు కడిగి బోర్లించేది. కడిగే వంతు మాత్రం ఎవరూ చెరపలేదు. దీన్ని ఆమె మంచితనమని మెచ్చుకున్నవాళ్లున్నారు. నేను అన్యాయమనే అంటాను.

ఒకరోజు పిన్ని ఫోన్ చేసింది. పిన్ని బట్టలు కుడుతుంది, బీపీకి మందు వాడుతుంది.

"ఏమే, మందుల చదువేగా నీది! ఈ మాత్ర అరగట్లేదే. ఉన్నదున్నట్టు బయటికొచ్చేసింది."

"బయటికంటే ఎక్కడికి?"

"ఎక్కడికేంటి నీ మొహం! పొద్దున్నే వెళ్లే చోటికి."

అమ్మాయి పకపకా నవ్వింది. "సర్లే, తర్వాతేం చేశావ్?"

"ఒంటికి పట్టలేదు కదాని ఇంకోటి వేసుకున్నా. మిషన్ ముందు కళ్లు తిరిగి పడ్డా. మీ బాబాయి పట్టుకోబట్టి సరిపోయింది."

నవ్వు ఆగిపోయింది. ముందు పిన్నిని డాక్టరు దగ్గరికి పంపింది. కానీ అనుమానపు పురుగు బుర్రలో దూరింది. మొదటి మాత్ర పనిచేయకపోతే, రెండోదానికే మనిషి ఎందుకు పడిపోయింది?

సెలవురోజు యంత్రం ఖాళీగా దొరికింది. అదే రకం మాత్ర వేసి చూసింది. మర్నాటికీ మాత్ర గుండ్రంగా, నిక్షేపంలా ఉంది. మందు మాత్రం నీళ్లలోకి వచ్చేసింది! మాత్ర పైపెంకు మీద సూదిమొనంత బెజ్జం. లోపలికెళ్లిన నీరు ఆ బెజ్జంలోంచి మందును కొద్దికొద్దిగా బయటికి నెడుతుంది. పెంకు అరగదు, అరగక్కర్లేదు. ఈ బెజ్జం బొమ్మ గీసి ఆమె ఏనాడో పరీక్ష కూడా పాసయింది. ఖాళీ పెంకును ఒక మనిషి చూస్తుందనీ, చూసి బెంబేలెత్తుతుందనీ అప్పుడు తట్టలేదు.

పెంకు కోసి పిన్నికి చూపించింది.

"అంటే సరుకు దిగింది, సంచి వాపసొచ్చింది. అంతేనా?"

"అంతే పిన్నీ! డబ్బా లోపలి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది కూడా."

"ఆ ముక్క డబ్బా మీద కనబడేట్టు రాస్తే ఆ కంపెనీవాళ్ల నోటి ముత్యాలు రాలతాయా?"

అదే తన పరిశోధనాంశం కావాలనుకుంది అమ్మాయి. ల్యాబంతా నవ్వింది. "పెంకమ్మా!" అన్నాడో సీనియర్.

"మా అమ్మ చిన్నప్పట్నుంచీ నన్ను పెంకిదనే అంటోంది. నువ్వు కొత్తగా పెట్టిందేం లేదన్నా" అంది.

గైడ్ మొహం చిట్లించాడు. "దొడ్లో సంగతులు థీసిస్‌లో రాస్తావా? మాత్రలో తప్పు లేదమ్మా. జనానికే తెలివి లేదు."

"చెప్పని సంగతి తెలియకపోవడం తెలివితక్కువా సార్? ఆసుపత్రిలో రోగుల్ని అడగనివ్వండి. ఎవరూ పెంకు చూడలేదంటే మీరిచ్చిన టాపిక్కే చేస్తా."

అనుమతి దొరికింది. కానీ మందు ఎలా ఉందంటే అందరూ "బానే ఉంది" అన్నవాళ్లే. వట్టి చేతులతో వెళ్తే టాపిక్ పోయినట్టే. చివరికి పిన్ని కథ చెప్పింది. బెంచీ చివరున్న లారీ డ్రైవరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకూ వచ్చిందమ్మా. నకిలీ మందని మానేశా."

"మా ఆయనా అంతే" అంది పక్కావిడ. "ఎవరితో చెప్పుకుంటాం, సిగ్గుచేటు!"

ఇక ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. ఆమె వచ్చి చెప్పిన ఆ మాటలన్నీ విన్నాక గైడ్ అడిగింది ఒక్కటే. "ఆ డ్రైవరు మళ్లీ మందు మొదలెట్టాడా?"

"డాక్టరు దగ్గర కూర్చోబెట్టే వచ్చాను సార్."

కొత్త అంశానికి సంతకం పడింది. థీసిస్ పూర్తయి ఇప్పుడు లైబ్రరీ బీరువాలో ఉంది. డబ్బా మీద మాత్రం ఆ వాక్యం ఇంకా రాలేదు.

అందుకే మీతో పని పడింది. నెమ్మదిగా మందు వదిలే మాత్ర కొన్నప్పుడు "దీని పెంకు బయటికొస్తుందా?" అని దుకాణంలో గట్టిగా అడగండి. పెంకు కనబడితే మీ అంతట మీరు రెండోది వేసుకోకండి, మందు మానకండి, డాక్టర్ని అడగండి. డబ్బా మీదుండే కంపెనీ చిరునామాకు రాయండి: ఈ సంగతి మా భాషలో, పెద్దక్షరాల్లో అచ్చువేయమని. ఇంట్లో పెద్దవాళ్లను ఈ పూటే పలకరించండి. సిగ్గుపడి దాచుకున్నది వాళ్లు మీకు చెప్పవచ్చు.