ఆరు మాటల జాబితా

అచ్చు ప్రెస్సులో నలభై ఏళ్లపాటు ఆ కంపోజిటర్ ఎన్ని మాటలు పేర్చాడో లెక్కపెట్టబోతే చుక్కలు లెక్కపెట్టినట్టే. పెళ్లి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు, తప్పిపోయిన మనుషుల ప్రకటనలు, ఎవరూ కొనని కవిత్వాలు... ఊరి మాటలన్నీ అతని వేళ్ల మీదుగానే పోయాయి. అలాంటివాడు ఆరంటే ఆరు మాటల ముందు తొమ్మిది రోజులుగా చతికిలబడ్డాడు.

భార్యకు పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ తేరుకున్నాయి గానీ మాట పడిపోయింది. ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ అక్షరాల బిళ్లల ఆట ఆడించమంది.

"ముందు చిన్న జాబితా రాసి చూడండి. ఆరు మాటలు చాలు, ఆవిడ రోజూ వాడినవే. బిళ్లలు కలిపేసి, ఏరి పేర్చమనండి. వచ్చే వారం గురువారం నా ఎదుట ఒక్కటి పేర్చినా శిక్షణ సాగిద్దాం. లేదంటే మీకిచ్చిన గంట ఇంకొకరికి ఇవ్వాల్సిందే. బయట చూశారుగా, ఎంతమందో!"

బిళ్లలకేం కొదవ? ప్రెస్సు మూసేసిన రోజున యజమాని ఇచ్చిన చెక్క అక్షరాలు, గోడ పోస్టర్లకు వాడినవి, అటక మీద పెట్టెడున్నాయి. దించి, కిరసనాయిలుతో సిరా కడిగి, మంచం పక్కన పళ్లెంలో పోశాడు. తలుపు, పాలు, దీపం, గొడుగు, దిండు, కిటికీ. ఆవిడ ఒక్కో బిళ్లనూ తిప్పి తిప్పి చూసి కింద పెట్టేసింది. మూడో రోజుకు జాబితాలోంచి గొడుగు కొట్టేశాడు. ఐదో రోజుకు కిటికీ, దిండు పోయాయి. ఎనిమిదో రోజుకు జాబితాలో పాలు ఒక్కటే మిగిలింది. ఆవిడ పళ్లెం నెట్టేసి గోడవైపు తిరిగింది.

"రెండక్షరాలే! చంటిపిల్లకైనా వస్తాయి. నన్ను ఏడిపించడానికి కాకపోతే!" అని అరిచాడు. అరిచాక ఆ మనిషి లోపల ఇక ఎవరూ లేరేమోనన్న భయం మొదటిసారి గుండెల్లో దిగబడింది.

గురువారం పొద్దున కూతురు వచ్చింది. పళ్లెంలోకి చూసి నిలబడిపోయింది.

"ఇవేం అక్షరాలు నాన్నా?"

"కనబడట్లేదూ? పా, లు."

"ఎక్కడ? నాకే చదవడం రావట్లేదు. అన్నీ అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. ఇన్నాళ్లూ వీటితోనా అమ్మని చంపుకుతిన్నావు?"

అచ్చుకెక్కే అక్షరం తిరగబడే ఉంటుంది. కాగితం మీద పడ్డాకే లోకానికి సూటిగా కనిపిస్తుంది. కంపోజిటర్ల కళ్లకు మాత్రం ఆ తిరగబడ్డదే సూటి. అతను పళ్లెం ఎత్తి బిళ్లలన్నీ పెట్టెలో ఒంపేశాడు.

మందుల పెట్టె అట్ట చించి, ఆస్పత్రికి వెళ్లే బస్సులోనే కూతురు పెన్నుతో ఆ ఆరు మాటల అక్షరాలూ రాసింది. డాక్టరమ్మ బల్ల మీద ముక్కలు పరిచారు.

"మీరు నోరు విప్పకూడదు, చెయ్యి పెట్టకూడదు," అందామె అతనితో.

చేతులు రెండూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. భార్య 'త' తీసింది. చాలాసేపటికి 'లు' పక్కన పెట్టింది. వేలు 'దీ' మీదికి వెళ్లింది. అక్కడే ఆగి, వెనక్కి వచ్చి, 'పు'ను మెల్లగా తోసింది.

"వచ్చే గురువారం కూడా ఇదే టైముకి," అంది డాక్టరమ్మ.

కూతురు ముక్కు చీదుకుంటూ నవ్వింది. తల్లి నవ్వలేదు. మొగుడి వంకే రెప్పవేయకుండా చూసింది. ఆ చూపు భరించలేక అతను నేల మీద కూలబడ్డాడు.

"తిట్టవే. నోటికొచ్చినట్టు తిట్టు నన్ను," అని బతిమాలాడు.

ఆవిడ పెదవులు కదిలాయి. గొంతు నరాలు ఉబ్బాయి. ఒక్క మాటా రాలేదు.