వెనక్కి పెట్టుకున్న చేతులు

ఆ చిన్న సర్కారు ఆసుపత్రిలో మందుల బీరువా తలుపు తీసిందంటే చాలు, సిస్టరమ్మ చేతులు రెండూ వీపు వెనక్కి వెళ్లిపోతాయి. పంతులుగారు నిలబెట్టిన పిల్లలా బిగుసుకుపోతుంది. 'వెనకచేతులమ్మ' అని పేరు పెట్టింది ఆయా.

దాని వెనకున్న కథ మాత్రం నవ్వుకునేది కాదు. డాక్టరు లేని పూట, ఊపిరాడక వచ్చిన ఓ ముసలాయనకి ఆవిడ పీల్చే మందు ఇచ్చింది. ఆయన నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. ఆవిడ హెడ్‌నర్సు కుర్చీ ఊడింది. "రాసేది డాక్టరు, ఇచ్చేది ఫార్మసిస్టు. మధ్యలో నువ్వెవరు?" అన్నాడు పై అధికారి. ఫార్మసిస్టు పోస్టు ఏళ్లుగా ఖాళీ అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత అదే జబ్బుతో వచ్చిన తాపీమేస్త్రీకి రూలు ప్రకారం మందు ఇవ్వలేదు. రూలు ప్రకారమే అతను బల్ల మీద చచ్చిపోయాడు.

చేతులు వెనక్కి వెళ్లింది ఆ రోజునుంచే.

"ఏంటమ్మా, జిగురేసి అంటించారా?" అనేది ఆయా.

"చట్టం అంటించిందే."

"మరి ముక్కు దురద పెడితే?"

"వీపు గోక్కుని సరిపెట్టుకుంటా."

ఓ మధ్యాహ్నం ఓ వెల్డరు తన పెళ్లాన్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. ఊపిరాడక ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరు ఫోను ఎత్తలేదు.

"మందు ఇవ్వండమ్మా!"

"నేను ఇవ్వకూడదు."

"చచ్చిపోతుందమ్మా!"

"ఇవ్వకూడదన్నానా? చెవుడా నీకు?"

ఆయాకి ఒళ్లు మండిపోయింది. ఇంత పిరికి మనిషా!

సిస్టరమ్మ బీరువా తెరిచి, దానికి వీపు ఆనించి నిలబడింది. వెనక వేళ్లు అరలో ఏదో తడిమాయి. గిర్రున తిరిగి వెల్డరుకి వీపు చూపించింది. ఆ వెనక చేతుల్లో పీల్చే మందు! వెల్డరు చటుక్కున లాక్కున్నాడు.

"ఏమే, నా వెనక ఏమవుతోంది?"

ఆయా మొహం అటు తిప్పుకుంది. "ఏం లేదమ్మా."

"అయితే నాకేం తెలీదు." తర్వాత ఎదురుగా ఉన్న గోడమీద అరిచింది: "బాగా ఊపాలి! ఊపిరంతా వదలాలి! నొక్కుతూ నిదానంగా పీల్చాలి! గోడా, వింటున్నావా?"

గోడ సంగతేమో గానీ, వెల్డరు విన్నాడు. కాసేపటికి పెళ్లాం అతణ్ణే తిట్టేంతగా తేరుకుంది.

తర్వాత అధికారి వచ్చాడు. "మందు ఎవరిచ్చారు?"

"నా చేతులు వెనకే ఉన్నాయి సార్."

"ఉన్నాయి సార్. నా కళ్లతో చూశా," అంది ఆయా.

మనిషిని బతికించడానికి ఇంత దొంగాటా? ప్రాణం మీదికొచ్చినప్పుడు నర్సు మందు ఇవ్వొచ్చన్న సవరణ చట్టసభ గడప దాటలేక పడి ఉంది. ఈసారి ఓటడగడానికి వచ్చినవాణ్ణి మీ గడప బయటే నిలబెట్టి, దాని సంగతేంటని అడగండి. నీళ్లు నమిలి, చెయ్యి కలపబోయాడా, మీ చేతులు రెండూ వెనక్కి పెట్టుకోండి.