నాయన కాచిన మృదంగం

ఆ రోజుల్లో, అంటే బి.ఏ. పట్టా ఒకటి చేతిలో ఉంటే లోకంలో తెలియనిదేదీ మిగలదని నేను నమ్మిన రోజుల్లో, నా మీద నాకు మిక్కిలి గౌరవం ఉండేది. మా వంశంలో బడి గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. అటువంటివాణ్ణి ఉద్యోగం వెతుక్కోకుండా నగరంలోని సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకోవడానికి చేరానని విని, తాండూరు పక్క పల్లెలో కూలికి పోతూ పెళ్ళిళ్ళకూ జాతరలకూ డప్పు కొట్టే మా నాయన కోపగించలేదు. "కొట్టుడు నేర్సుకునేటందుకు గూడ కాలేజీ ఉంటదా ర? ఇంట్ల నేను లేనా?" అని మాత్రం అడిగాడు. డప్పుకూ మృదంగానికీ గల భేదాన్ని ఆయనకు అరగంటసేపు వివరించాను. (చిన్ననాడు ఆయన వెంట తిరిగి నేర్చుకున్న నాలుగు డప్పు దెబ్బల సంగతి కళాశాలలో ఎవరికీ తెలియకుండా దాచుకున్నవాడు వివరించిన భేదం అది.)

మా మృదంగం అధ్యాపకుణ్ణి విద్యార్థులం చాటుగా 'గడియారం సారు' అనేవాళ్ళం. ఆయన చేయి తొడ మీద తాళం వేస్తూ ఉంటే నిజంగానే గడియారం ముల్లు కదిలినట్టుండేది. నాకున్న లోపం ఒక్కటే: వాయిస్తూ వాయిస్తూ లెక్క మరచిపోయేవాణ్ణి. రెండో ఏడాది చివర ఆయన నన్ను పిలిచి, "తాండూరులో ఒక బడి వార్షికోత్సవానికి మన గాత్రం విద్యార్థి పాడబోతున్నాడు. నీవు పక్కవాద్యం వాయించు. తాళం తప్పకుండా ఆ ఒక్క కచేరీ నడిపితే పై తరగతికి పంపుతాను. తప్పితే ఇదే తరగతిలో మరో ఏడాది కూర్చుందువుగాని" అన్నారు. సొంత ఊరి పక్కనే అగ్నిపరీక్ష పెట్టినందుకు ఆయనకు వినయంగా నమస్కరించాను.

కళాశాల మృదంగాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఒక రోజు ముందే బయలుదేరాను. వికారాబాదులో రైలు ఆగేసరికి కొండల మీది వాన పెట్టెలోకే వచ్చేసింది. నా పక్కనున్న ముసలమ్మ సంచిని తట్టి చూసి, "గా సంచిల ఏమున్నది కొడుకా?" అంది. "మృదంగం అవ్వా. శాస్త్రీయ వాద్యం" అన్నాను. "గట్లనా. నేను నెయ్యిపీపా అనుకుంటి. జర అటు జరుపు, కాళ్ళు సాపుకుంట" అంది. జరిపాను. జరిపిన చోట కిటికీ ఉంది, కిటికీకి తలుపు లేదు.

ఇంటికి చేరి వాయించి చూస్తే తడిసిన తోలు దబదబమంది. "నాదం దిగిపోయింది నాయనా" అని దిగులుగా చెప్పి, మరునాడు ఉదయం ఇస్త్రీకిచ్చిన లాల్చీ తెచ్చుకోవడానికి తాండూరు వెళ్ళాను. (వాద్యం సంగతి తరువాత, వేషం ముందు అనుకునే వయస్సు.) తిరిగి వచ్చేసరికి వాకిట్లో జొన్నచొప్ప మంట. డప్పు తోలు దిగితే మంటకు కాచి బిగించడం మా నాయనకు అన్నం తిన్నంత సహజం. మృదంగానికి మాత్రం మంట పనికిరాదు. అంచు చుట్టూ రాయితో కొట్టి బిగించాలి. పైగా దాని కుడి ముఖం మీద నల్లని గుండ్రటి పూత ఒకటి ఉంటుంది. నాదమంతా దానిలోనే ఉంది. నాయన చేతిలో తువ్వాలు, తువ్వాలు నిండా నలుపు. "కాగితే మంచిగ మోగుతదనుకుంటి కొడుకా. గీ నల్లది చూసి మసి అంటిందనుకున్న. తుడిస్తే పెళ్ళలు పెళ్ళలుగ ఊడొచ్చింది" అన్నాడు.

సాయంత్రం వార్షికోత్సవానికి గడియారం సారు వచ్చి, బోసిపోయిన మృదంగాన్ని తిప్పి తిప్పి చూశారు. తాండూరంతా వెతికినా మరొకటి దొరకలేదు. "ఎవరిదీ పని?" అన్నారు. నా వెనుక, ఎందుకైనా మంచిదని తెచ్చిన డప్పు చంకలో పెట్టుకుని నిలబడ్డ నాయన ముందుకు వచ్చి, "నాదే సారూ. పిలగానిది తప్పు లేదు. నేను జేసినదానికి వాని సదువు ఆపకుండ్రి" అన్నాడు. సారు ఆయన వైపు, డప్పు వైపు, చివరకు నా వైపు చూశారు. "నీకిది వచ్చా?" రెండేళ్ళు దాచిన సంగతి తలవంచుకుని ఒప్పుకున్నాను. "అయితే దానితోనే వాయించు" అన్నారు. నాయన డప్పు నా భుజానికి తగిలించాడు.

రెండు కీర్తనలు చక్కగానే నడిచాయి. మూడోదానిలో లెక్క తప్పాను. లెక్క పోతే చేతులు ఆగుతాయా? వాటికి చిన్ననాడు తెలిసిన దెబ్బను అవి అందుకున్నాయి. అది ఊరేగింపు కదిలే దెబ్బ. వెనుక వరసల్లో కూర్చున్న బండల గనుల కూలీలకు ఆ దెబ్బ పుట్టుక నుంచీ తెలుసు. తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. ఆడవాళ్ళు పిల్లలను చంకనెత్తుకున్నారు. "ఏ దిక్కు పోవాలె?" అని ఒకాయన పక్కవాణ్ణి అడగడం వేదిక దాకా వినిపించింది. గాత్రం విద్యార్థి నోరు తెరిచే ఉంది, పాట మాత్రం లేదు. అప్పుడు వేదిక కింద నుంచి నాయన అరచేతిని నేల వైపు రెండుసార్లు వంచి చూపాడు. ఊరేగింపు ఆగే దెబ్బ కొట్టాను. జనమంతా ఒక్కమారుగా కూర్చున్నారు.

సభ ముగిశాక సారు నాతో, "తాళం తప్పావు" అన్నారు. "తప్పాను సార్" అన్నాను. నాయన వైపు తిరిగి, "ఆ చివరి దెబ్బకు తాళంలో మాత్రలెన్ని?" అని అడిగారు. "మాత్రలు నాకెరుక లేదు సారూ. జనం ఆగేదాంక కొట్టుడే." గడియారం సారు నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తరువాత వాళ్ళిద్దరూ దూరంగా నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇంటి దారిలో నాయన, "పాసయినట్టేనా?" అన్నాడు. ఆయన మనసు కష్టపెట్టలేక, "అయినట్టే నాయనా" అన్నాను. నాలుగడుగులు నడిచి, "మరి నిన్ను గదే తరగతిల మల్ల కూసోవెడుతనని నాతోనెందుకు చెప్పిండు?" అన్నాడు. నేను మృదంగం సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. "కూసో. రెండుసార్లు దున్నిన చేన్ల పంట మంచిగొస్తది."

కూర్చున్నాను. ఇప్పుడు నేనే తొడ మీద తాళం వేస్తూ పిల్లలను భయపెడుతున్నాను. చాటుగా నాకూ ఏదో పేరు ఉండే ఉంటుంది. ముసురు పట్టి మృదంగం నాదం దిగినప్పుడల్లా రాయి అందుకుంటూనే, ఎందుకో వాకిలి వైపు చూస్తాను. నాయన ఉంటే ఈపాటికి జొన్నచొప్ప తెచ్చి ఉండేవాడు. ఆయన మసి అనుకున్న ఆ నలుపును ఈసారి నేనే తుడవనిచ్చేవాణ్ణేమో.