నీలిపూల గట్టు

లింటన్ వాగు ఎవరిదని ఆ పేటలో ఎవరినడిగినా నోలీన్ టకర్ పేరే చెబుతారు. కాగితాల మీద అది ఆ ఊరి కౌన్సిల్‌ది. కానీ ఇరవై ఆరేళ్లుగా ప్రతి శనివారం పదిమందిని వెంటేసుకుని, వాగు గట్టున పరాయి కలుపు పీకించేది ఆవిడే. జీతం లేదు, బత్తెం లేదు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి కాబట్టి ఏ ఆకు ఇక్కడిదో ఏది ఎక్కడినుంచో వచ్చి పడిందో చిటికెలో తేల్చేసేది.

అక్కడ అందరూ బోల్తాపడేది ఒక జంట మొక్కల దగ్గర. రెండూ నేలబారు తీగలే, ఆకులూ దాదాపు ఒకటే. తెల్లపూలది పరాయిది, పీకెయ్యాలి. నీలిపూలది ఈ నేలది, ముట్టుకోకూడదు. పొరపాటున నీలిపూలది పీకినవాడు అందరి ముందూ ఒప్పుకుని, తన చేత్తోనే మళ్లీ నాటాలి. ఈ శిక్ష పెట్టింది నోలీనే. పక్కింటి కెల్ బ్రాడక్ తొమ్మిదేళ్లలో పదకొండుసార్లు అలా పరువు పోగొట్టుకున్నాడు. ఆమె ఒక్కసారీ కాదు. ఆ ఒక్కసారి కోసమే బతికున్నానని కెల్ అందరితోనూ అనేవాడు.

నవంబరులో కళ్ల డాక్టరు అసలు సంగతి చెప్పేశాడు. చూపు నడిమధ్య చెడిపోతోంది, పక్కల కనిపిస్తుంది గానీ సూటిగా చూసింది కనిపించదు, ఇక బాగుపడదు. నోలీన్ ఎవరికీ చెప్పలేదు. డెబ్బై మూడేళ్ల మనిషికి కళ్లు కనిపించవని తెలిస్తే కౌన్సిల్ వాగు పెత్తనం ఉంచుతుందా? అది పోతే ఇంట్లో టీవీ, మందుల డబ్బా తప్ప ఇంకేమీ లేవు. ఆ భయమే ఆమెను ఎక్కువ తినేసింది.

ఆ దేశంలో జనవరంటే నడివేసవి. ఒక శనివారం పొద్దున తొమ్మిదికే ఎండ మాడు పగలగొడుతోంది. బుద్ధున్నవాళ్లెవరూ రాలేదు. కెల్ వచ్చాడు.

"టోపీ ఏదీ?" అంది నోలీన్.

"కారులో మర్చిపోయా."

"తల కూడా అక్కడే వదిలి రావాల్సింది. దాంతో నీకేం పని?"

"నీ నోటికి ఈ ఎండ కూడా జడుస్తుంది, మహాతల్లీ."

నీలగిరి చెట్ల కింద వాగు వెంబడి నడిచారు. కీచురాళ్ల రొదకి మాట వినపడటం లేదు. బండ మీద మూరెడు తొండ ఒకటి ఎండ కాచుకుంటోంది. "అదుగో చూడు," అన్నాడు కెల్.

"చూశాలే," అంది నోలీన్, ఎటో చూస్తూ. కెల్ ఆమె మొహం వంక ఒకసారి చూసి ముందుకి నడిచాడు.

వాగు మలుపు దగ్గర ఆమె మోకాళ్ల మీద కూర్చుని పీకడం మొదలెట్టింది. గంటలో బస్తా నిండింది. మూతి కట్టడానికి వచ్చిన కెల్ లోపలికి చూసి ఆగిపోయాడు. బస్తా నిండా నీలిపూలే. పదిహేనేళ్ల కిందట ఆమె తన చేత్తో నాటిన గట్టు, పది బారల మేర బోడిగుండయింది.

"కొయ్యబొమ్మలా నిలబడ్డావేం?"

"ఏం లేదు."

"పూలు ఏ రంగు?"

కెల్ వాగు వైపు తిరిగాడు. "తెలుపే, నోల్. బాగా పీకావు. కాసేపు నీడన కూర్చో."

తొమ్మిదేళ్లలో కెల్ ఆమెను మెచ్చుకున్నది లేదు. నీడన కూర్చోమన్నదీ లేదు. నోలీన్‌కి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్తాలో చెయ్యిపెట్టి వేళ్లతో వేర్లు తడిమింది. కండపట్టిన లావు వేర్లు, నీలిపూల తీగవే. బస్తా బోర్లించి, నాటడం మొదలెట్టింది. కెల్ బకెట్టుతో వాగు నీళ్లు మోశాడు. కణుపు మట్టికి తగిలితే వేరు పట్టే జాతే గానీ, ఆ ఎండకి సగమైనా బతుకుతాయో లేదో. మధ్యాహ్నానికి ఉన్న పూలూ ముడుచుకుపోయాయి.

"ఎప్పట్నుంచి?" అన్నాడు కెల్.

"నవంబర్నుంచి."

"ఒక మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఇదిగో, ఇలా మర్యాదగా మాట్లాడతావని."

కెల్ నవ్వబోయి మానేశాడు. నోలీన్ చేతులు చొక్కాకి తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి అతని ముందు పెట్టింది.

"కౌన్సిల్‌లో మన వాగు సంగతి చూసే అమ్మాయికి ఫోన్ చెయ్. వచ్చే వారం నుంచి ఇంకెవరినైనా చూసుకోమను."

"నేనెందుకు చెయ్యాలి? నీకు నోరు లేదా? ఊరందరి మీదా లేస్తుందిగా. నువ్వే చేసుకో."

"నంబరు కనపట్టం లేదు, కెల్."