కోపం మూల

గదిలో చుక్క నీరు కారడం లేదని తేలిన రోజే ఆ గది తన చేతిలోంచి జారిపోతుందని ఒకటో తరగతి టీచరు కలలో కూడా అనుకోలేదు.

రాత్రంతా కురిసి వాన వెలిసిన పొద్దున హెడ్మాస్టారు బడంతా తిరిగి చూశారు. మూడో తరగతిలో బకెట్లు పెట్టి ఉన్నాయి. నాలుగో తరగతిలో పిల్లలు గొడుగులు వేసుకుని ఎక్కాలు చదువుతున్నారు. ఒకటో తరగతిలోకి వచ్చి ఆయన తలెత్తి కప్పు చూశారు, వంగి నేల చూశారు, గోడను వేలితో రాసి ఆ వేలు చూసుకున్నారు. తడి లేదు.

“భలే ఉందమ్మా గది! మనకొచ్చిన కొత్త తెర, కంప్యూటర్లు పెట్టడానికి ఇంతకంటే మంచి గది లేదు. వచ్చేవారం ఆఫీసరు గారొచ్చి చూస్తారు. మీ పిల్లల్ని వరండాలోకి మార్చేద్దాం.”

“వరండాలోకా?”

“చిన్నపిల్లలే కదా. ఎక్కడైనా సర్దుకుంటారు.”

ఆ చివరి మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

ఆవిడకి బడిలో కుక్కర్ టీచర్ అని పేరు. పెట్టింది ఐదో తరగతి పిల్లలు, వాడుకలోకి తెచ్చింది తోటి టీచర్లు. ఆవిడ కోపానికి ఓ పద్ధతి ఉంది. మొదటి కూతకి ముక్కుపుటాలు అదురుతాయి. రెండో కూతకి చేతిలో సుద్దముక్క రెండు ముక్కలవుతుంది. మూడోది రోడ్డవతల మందుల షాపు దాకా వినిపిస్తుంది. “ఇవాళ ఎవరికో మూడింది” అని షాపతను రేడియో గొంతు తగ్గిస్తాడు, మిగతాది సరిగ్గా వినబడాలని. ఇంట్లోనూ అంతే. బస్సు డ్రైవరుగా పనిచేసే ఆవిడ భర్త డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం బయట నిలబడి వంటింట్లో గిన్నెల చప్పుడు వింటాడు. దాన్నిబట్టి చెప్పులు విప్పాలో, మళ్లీ వీధి చివరిదాకా నడిచి రావాలో తేల్చుకుంటాడు.

హెడ్మాస్టారు గుమ్మం దాటేసరికి సుద్దముక్క రెండయింది. మూడో కూత మాత్రం గొంతులోనే ఆగింది. ఎదురుగా పిల్లలున్నారు.

‘చిన్నపిల్లలే కదా’ అన్న మాట ఆవిడకి కొత్త కాదు. ఆ మాట మీదే బడి నడుస్తోంది. కొత్త బెంచీలొస్తే ఐదో తరగతికి, కాలు విరిగినవి ఒకటో తరగతికి. విరగని సుద్దలు పైవాళ్లకి, గోటితో పట్టుకోవాల్సిన ముక్కలు వీళ్లకి. కుళాయి పిల్లలకి అందడం లేదు సార్ అని చెబితే, “ఎదుగుతారు కదమ్మా” అన్నారు. ఎదిగేదాకా దాహం ఆగుతుందా అని అడగబోయి, ఆవిడ ఇంటికెళ్లి ఓ పెద్ద గిన్నెకి సొట్ట పెట్టింది.

ఆ గది సంగతీ అంతే. అంతకుముందు అది గది కాదు, పాత సామాన్ల కొట్టు. తుప్పుపట్టిన బీరువాలు, చెదలు తిన్న మ్యాపులు, ఎవరూ విప్పని మూటలు. పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి విసిగిపోయిన ఆవిడ, “సార్, ఆ కొట్టు నాకివ్వండి, నేనే బాగుచేసుకుంటాను” అంది. పాత సామాన్లు పారేయించే ఖర్చు తప్పిందని హెడ్మాస్టారు సంతోషంగా తాళంచెవి ఇచ్చారు.

సెలవులన్నీ ఆ గదికే పోయాయి. అత్తగారు కొంగు నడుముకి దోపుకుని బూజు దులిపింది. “సెలవుల్లో మట్టి మోసే ఉద్యోగం లోకంలో నీ ఒక్కదానిదేనే తల్లీ” అని గొణుగుతూనే మోసింది. స్టీరింగు తప్ప వేరొకటి పట్టని భర్త సిమెంటు తట్టతో కప్పెక్కాడు. పగుళ్లన్నీ పూడ్చాడు కానీ, దిగేటప్పుడు జారి ఖాకీ ప్యాంటు వెనక భాగం నిలువునా చిరిగిపోయింది. పట్టపగలు ఇంటికెలా వెళ్లడం? మూటల్లోంచి పాత ప్రపంచ పటం తీసి నడుముకి చుట్టుకున్నాడు. సముద్రాలు ముందుకి, ఖండాలు వెనక్కి వచ్చాయి. దారిలో ఎదురైన వాళ్లందరూ ఎందుకో భూగోళం మీద ఆసక్తి చూపించారట. ఆ సంగతి ఎత్తితే ఆయన ఇప్పటికీ అన్నం ముందునుంచి లేచిపోతాడు.

అలా తయారైన గదిలో ప్రతి వస్తువూ పిల్లల ఎత్తులోనే ఉంది. సంచులు తగిలించే మేకులు వాళ్ల ఛాతీ దగ్గర. నేల నుంచి వాళ్ల చెయ్యందేంత మేర గోడలకి నల్లరంగు. ఎవరి ముక్క మీద వాళ్లు రాసుకోవచ్చు. బొమ్మలు తగిలించిన తాడు ఎంత కిందికి ఉందంటే, పెద్దవాళ్లు లోపలికొస్తే నడుము దగ్గర తగులుతుంది. లెక్కలకి సీసా మూతలు, అక్షరాలు దిద్దడానికి ఇసుక పళ్లెం, సుద్దలు పంచడానికి ఒకరు, తలుపు తీయడానికి ఒకరు. టీచరు రాకపోయినా తరగతి దానంతటదే నడిచేలా ఆవిడ వాళ్లని తయారుచేసింది.

కిటికీ కింద, వెలుతురు బాగా పడేచోట ఓ చిన్న చాప, దాని మీద ఓ దిండు. అదే కోపం మూల.

దాన్ని పెట్టడానికి కారణం ఆవిడ కోపమే. బడి తెరిచిన కొత్తలో ఓసారి మూడో కూత పిల్లల మీదే వచ్చేసింది. ముందు వరసలో పిల్లాడు నిలబడ్డచోటే నిక్కరు తడిపేసుకున్నాడు. ఆవిడే తుడిచింది, ఆవిడే వాడికి పొడి నిక్కరు తొడిగింది, తొడుగుతున్నంతసేపూ వాడి ముఖం చూడలేకపోయింది. మర్నాడు చాప తెచ్చి పరిచింది. “కోపమొస్తే ఎవరైనా ఇక్కడికొచ్చి కూర్చోవచ్చు. ఇది శిక్ష కాదు. దిండుని గుద్దొచ్చు, కొరకొచ్చు. కూర్చున్నవాళ్లని ఎవరూ పలకరించకూడదు. వాళ్లు కూడా మాట్లాడకూడదు. కోపం పోయాక వాళ్లే లేచి వస్తారు.”

“మీకొస్తే?” అని అడిగింది లాయరమ్మ.

లాయరమ్మ అంటే పక్కవీధి ఇస్త్రీ అతని కూతురు. ముందు పళ్లు రెండూ ఊడిపోయి ఉన్నా, వాదనకి మాత్రం పదును తగ్గని పిల్ల.

“నాకొచ్చినా అంతే” అంది ఆవిడ. అనక తప్పలేదు.

దిండు అత్తగారు కుట్టింది. ఆ చిరిగిన ఖాకీ ప్యాంటుతోనే.

మొదట్లో ఎవరూ మూలకి వెళ్లలేదు. మొదటగా వెళ్లిన లాయరమ్మ తిరిగొచ్చేసరికి కిటికీ పక్కనున్న తన చోట్లో వేరేవాడు కూర్చున్నాడు. దాంతో ఆ పిల్లకి కోపం రెట్టింపై మళ్లీ మూలకే వెళ్లింది. దిండు కొరుకుతూ ఆలోచించి, లేచొచ్చి టీచరుతో ఇంకో రూలు పెట్టించింది. మూలలో ఉన్నవాళ్ల చోటు ఎవరూ తీసుకోకూడదు. అప్పట్నుంచీ మూల చక్కగా నడుస్తోంది.

వరండా కబురు విన్న సాయంత్రం వంటింట్లో గిన్నెలు మోగాయి. భర్త వీధి చివరిదాకా వెళ్లొచ్చినా ఇంకా మోగుతూనే ఉన్నాయి. చివరికి ధైర్యం చేసి లోపలికొచ్చాడు.

“ఆ కప్పు మీద నా ప్యాంటు పోయింది. నా పరువూ పోయింది. అలా ఊరికే ఇచ్చేస్తావా?”

“ఇవ్వను! ఆఫీసరు ముందే నిలదీసి కడిగేస్తాను!”

“అరవకే” అంది అత్తగారు, కోడలి చేతిలోంచి గిన్నె లాక్కుంటూ. “వాళ్లు గది లాక్కున్నది ఎవరికీ గుర్తుండదు, నువ్వు అరిచింది అందరికీ గుర్తుంటుంది. ఆ టీచరుకి నోరెక్కువ అంటారు, గది తీసుకుపోతారు. ఈ ఒక్కరోజుకీ నోరు కట్టుకో.”

ఆ మాట నిజమని తెలిసే ఆవిడకి మరింత మండింది. అయినా కట్టుకుంటానని మాటిచ్చింది.

ఆఫీసరమ్మ వచ్చిన రోజు హెడ్మాస్టారు మడత నలగని చొక్కా వేసుకున్నారు. చేతిలో స్టీలు టేపు. లోపలికొస్తూనే దాని కొస టీచరు చేతికిచ్చారు.

“ఇది కాస్త పట్టుకోండమ్మా.”

తన గదిని తన చేతే కొలిపిస్తున్నారు! ముక్కుపుటాలు అదిరాయి. ఆవిడ పళ్లు బిగించి పట్టుకుంది.

“ఈ కాగితాలన్నీ పీకేస్తే తెర ఇక్కడ సరిగ్గా సరిపోతుంది మేడమ్. ఈ నల్లరంగు మీద సున్నం కొట్టించేస్తాం.”

ఆవిడ రెండో చేతిలో సుద్దముక్క విరిగింది.

“మరి ఈ పిల్లలో?” అంది ఆఫీసరమ్మ.

“వరండా ఉంది కదా మేడమ్. చిన్నపిల్లలే కదా!”

టీచరు టేపు వదిలేసింది. కావాలనే వదిలిందో, చెయ్యే వదిలిందో ఆవిడకే తెలియాలి. అది సర్రున వెనక్కెళ్లి హెడ్మాస్టారి వేళ్ల మీద ఫట్టుమని కొట్టింది.

“చిన్నపిల్లలైతే ఏం సార్? వానజల్లు వాళ్లమీద పడదా? విరిగిన బెంచీ వీళ్లకే, అరిగిన సుద్ద వీళ్లకే, అందని కుళాయి వీళ్లకే! పనికిరాని కొట్టు మాకిచ్చి, మేం చచ్చీచెడీ బాగుచేసుకున్నాక లాక్కోవడానికి మీకు మనసెలా...”

రోడ్డవతల రేడియో ఆగిపోయింది.

“టీచర్” అంది లాయరమ్మ, లేచి నిలబడి. “మీరు అరుస్తున్నారు.”

పిల్లలందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆ చూపులో భయం లేదు. రూలు నిజమా, ఉత్తుత్తిదా అని చూస్తున్నారు.

“మూల” అంది లాయరమ్మ.

అత్తగారి మాట అప్పుడు గుర్తొచ్చింది. అంతా అయిపోయింది, నోరెక్కువ టీచరు అనిపించుకుంది. ముఖం జేవురించి, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా ఆవిడ వెళ్లి చాప మీద కూర్చుంది. దిండు ఒళ్లో పెట్టుకుని రెండు గుద్దులు గుద్దింది. భర్త ప్యాంటు పాపం ఏమీ అనలేదు.

సుద్దలు పంచే పిల్లాడు లేచి సుద్దలు పంచాడు. మిగతావాళ్లు గోడ దగ్గరికెళ్లి రాసుకోవడం మొదలుపెట్టారు.

“చూశారుగా మేడమ్, ఈవిడ వరస” అన్నారు హెడ్మాస్టారు వేళ్లు ఊదుకుంటూ. “మనం కొలతలు కానిద్దాం.”

“తీసుకోకూడదు సార్” అంది లాయరమ్మ.

“ఏంటి?”

“టీచర్ మూలలో ఉన్నారు. మూలలో ఉన్నవాళ్ల చోటు తీసుకోకూడదు. ఇది టీచర్ చోటు.”

“ఏయ్! నోర్మూసుకుని కూర్చో!”

గోడ దగ్గర సుద్దలన్నీ ఆగిపోయాయి. “సార్ అరిచారు” అన్నాడెవరో. “సార్ అరిచారు” అన్నారు ఇంకొందరు. ఆ తర్వాత తరగతంతా ఒక్క గొంతుతో, “మూల!”

హెడ్మాస్టారు సాయం కోసం ఆఫీసరమ్మ వైపు చూశారు. ఆవిడ పెదవులు బిగించుకుని నవ్వు దిగమింగింది.

“వెళ్లండి మాస్టారూ. రూలు కదా.”

“టీచర్, కొంచెం జరగండి” అంది లాయరమ్మ. “సార్ లావుగా ఉన్నారు.”

టీచరు జరిగింది. మోకాళ్లు కటకటమంటుంటే, మడత నలగని చొక్కాతో హెడ్మాస్టారు చాప మీద చతికిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి నడుం నొప్పెట్టి ఆయన దిండు తీసుకుని వీపు కింద పెట్టుకున్నారు.

“ఈ గోడలకి నల్లరంగు ఎవరు వేశారు?” అని ఆఫీసరమ్మ అడిగింది.

“టీచర్, వాళ్లత్తయ్య.”

“కప్పు బాగుచేయించింది మాస్టారేనా?”

“కాదు. టీచర్ వాళ్లాయన. ప్యాంటు చిరిగిపోయింది. అదే, సార్ ఆనుకున్నారే, అది.”

హెడ్మాస్టారు దిండుని మెల్లగా పక్కకి పెట్టేశారు.

ఆఫీసరమ్మ గదంతా తిరిగింది. బొమ్మల తాడు నడుముకి తగిలితే వంగి, ఒక్కో బొమ్మా చూసింది. తర్వాత మూల దగ్గరికొచ్చింది.

“మాస్టారూ, మీ ఆఫీసు గది కారుతుందా?”

ఆయన నోరు తెరిచారు.

“మాట్లాడకూడదు సార్” అంది లాయరమ్మ.

ఆయన నోరు మూసుకుని, లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు.

“మంచిది. తెర అక్కడే పెట్టించండి. మీ బల్ల వరండాలో వేసుకోండి. పెద్దవారు, ఎక్కడైనా సర్దుకుంటారు. ఈ ఏడాదికి ఈ గది జోలికెళ్లకండి.”

వాదించడానికి వీల్లేని చోట దొరికిపోయారు పాపం. ఆఫీసరమ్మ వెళ్లాక ఆయనే ముందు లేచారు, కిటికీ చువ్వ పట్టుకుని. “నా కోపం పోయింది” అన్నారు పొడిగా. లాయరమ్మ ఆయన ముఖం పరీక్షగా చూసింది. “పోలేదు. సర్లే, వెళ్లండి.”

టీచరు మాత్రం లేవలేదు. ‘ఈ ఏడాదికి’ అన్న మాట ఆవిడ చెవిలో ముల్లులా ఉండిపోయింది. మరి వచ్చే ఏడాదో? అప్పుడొచ్చే పిల్లలు కూడా చిన్నపిల్లలేగా! భోజనాల గంట కొట్టాక గానీ లేవడానికి ప్రయత్నించలేదు. ప్రయత్నిస్తే కాళ్లు లేవలేదు. చెరో చెయ్యీ పట్టుకుని పిల్లలు లాగారు.

“కోపం పోయిందా టీచర్?”

“పోలేదు.”

“మరి లేచారేం?”

“కాళ్లు తిమ్మిరెక్కాయే!”

ఆ సాయంత్రం గిన్నెల చప్పుడు లేకపోయేసరికి భర్త గుమ్మం బయట చాలాసేపు అనుమానంగా నిలబడ్డాడు. లోపల అత్తగారు కంగారుగా అడుగుతోంది.

“గది ఉన్నట్టా, పోయినట్టా?”

“ఉంది. ఈ ఏడాదికి.”

“అరిచావా?”

“అరిచాను.”

“అరిచినా ఉందా!” అత్తగారు నోరు నొక్కుకుంది.

“అత్తయ్యా, ఇంకో దిండు కుట్టిపెట్టండి. కాస్త పెద్దది, వీపుకి ఆనేలా.”

“ఎవరికే?”

“హెడ్మాస్టారికి. వచ్చే ఏడాది మళ్లీ టేపు పట్టుకొస్తారుగా.”

గుమ్మం బయట భర్త తను వేసుకున్న ప్యాంటు ఓసారి చూసుకుని, చెప్పులు విప్పకుండా వీధి చివరికి నడిచాడు.